ఇంగ్లీషు ఎవరితో మాట్లాడాలె?

కమ్యూనికేషన్ స్కిల్స్ పుస్తకాల్లో నేను చూసిన పాత్రలన్నీ ఎయిర్‌పోర్టులో, హోటల్లో, బ్యాంకులో మాట్లాడుకుంటాయి. తాండూరు నాపరాయి గనిల కూలి లెక్క అడిగే మనిషి వాటిల్లో లేడు. 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఆలస్యమైనా రావలసిందే. (తెలుగు పోతుందని బాధపడ్డ పెద్దల పిల్లలు ఎన్నడో కాన్వెంట్లు దాటిపోయిండ్రు.) అయితే ఏ ఇంగ్లీషు? కర్ణాటక సరిహద్దున ఉన్న తాండూరు అంగట్ల మాదిగ పిల్ల తెలుగు, ఉర్దూ, కన్నడ కలిపి బేరం జేస్తది. వికారాబాదులో కాలేజీ మెట్లెక్కంగనే ఆమెకు మాట్లాడే నైపుణ్యమే లేదంటరు. లోపలికి రావచ్చునా సార్ అనటం నేర్పుతరు; మార్కులెందుకు తగ్గినయని నిలదీయటం నేర్పరు. టీచర్లు ఒక పని చేయాలి. రాతిదుమ్ము, రోజుకూలి, మేస్త్రీ లెక్క మీద ఆ పిల్లతోనే ఇంగ్లీషులో సంభాషణ రాయించాలి. తప్పులుంటే ఉండనీ, గ్రామరు తర్వాత దిద్దొచ్చు.