పరుషకంఠము, మృదుకంఠము : శ్రోతల తీర్పు

శ్రుతికటుత్వము దోషమని మనము విద్యార్థులకు బోధించుచున్నాము. చెవికిఁ గఱకుగాఁ దోఁచునది కావ్యమునఁ గూడదనియు, గానమున నంతకంటెను గూడదనియు మన నమ్మకము. అయినను మన చెవులే యొకానొకచోట నా కఱకుఁదనమును గోరి వినుచున్నవి. ఒకే రచనలోఁ గఱకు గొంతును మెత్తని గొంతును గలసి వచ్చినపుడు శ్రోతలు పక్షములై తగవులాడుట గలదు. ఆ తగవునకుఁ గారణమేమి, తీర్పున కాధారమేమి యనునవి యిందు విచార్యములు. నిదర్శనములుగా రెండింటిని గైకొంటిని. ఒకటి మా బేతంచెర్ల ప్రాంతమువారి కెఱుకయైన వీరభద్రుని ఖడ్గము. రెండవది క్రీ. శ. 1990 ప్రాంతముల నార్వే దేశమునఁ బెంపొందిన 'బ్లాక్ మెటల్' అను సంగీతము. ఈ రెండింటికిఁ జుట్టఱికమున్నదని చెప్పుట నా యుద్దేశము గాదు. ఎక్కడి శ్రోతకైనను జెవి యొక్కటియే గావున, ఒకదానిని వినుటలోఁ గలిగిన తెలివి రెండవదానికిఁ బనికివచ్చునని మాత్రమే నా తలంపు.

వీరభద్రుని గొలుచువారి యుత్సవములందును, కొన్ని కులములవారి శుభకార్యములందును ఖడ్గము చెప్పుట యాచారము. చెప్పువాఁడు కత్తి చేతఁ బూని, ముందువెనుకల కడుగులు వైచుచు, దక్షయజ్ఞధ్వంసమును వీరభద్రావతారమును నెలుఁగెత్తి చెప్పును. అది పద్యము గాదు, పాటయుఁ గాదు, లయగల గద్యము. చెప్పునంతసేపు వాద్యము లూరకుండును. ఒక భాగము ముగియఁగానే డోళ్లు మ్రోఁగును. చుట్టు నిలిచినవారు 'శరభ, శరభ' యని కేక వేయుదురు. ఆ గొంతు రొమ్మునఁ బుట్టి కంఠమును జీల్చుకొని వచ్చునట్లుండును. మాటలు కొన్ని తెలియును, కొన్ని తెలియవు. పిదప హారతి యెత్తి మంగళము పాడుదురు. ఆ పాట మెత్తనిది. ఇంటి యాఁడువారు సైతము గొంతు గలుపఁదగినది. కథయు నట్టిదే గదా. దక్షుని తల తెగుటతో నది ముగియదు. మేషశిరస్సుతో నతఁడు మరల బ్రదుకుటతోను, శివుఁడు ప్రసన్నుఁడగుటతోను ముగియును.

ఇట శ్రోతల వర్తనము గమనింపఁదగినది. చదువుకొన్నవారు కొందఱు ఖడ్గము చెప్పునంతసేపు దూరమున నిలిచి, మంగళము మొదలుకాఁగానే దగ్గఱకు వత్తురు. కుఱ్ఱవాండ్రు కత్తియును గేకయు ముగియఁగానే వెడలిపోవుదురు. ఇరువురును సగము విన్నవారే. మొదటినుండి తుదివఱకు నిలిచినవాఁడు మాత్రము మంగళమును మఱొక తీరున వినును. ఆ పాట నట్టింట నూరక పాడినచో నంత శాంతి గలుగదు. కేక యాఱిన పిదపఁ బాడుటచేతనే యది శాంతి యగుచున్నది. అహోబిలము మొదలుకొని బేతంచెర్ల చెంతనున్న మద్దిలేటి స్వామి వఱకు నృసింహుని గొలుచు సీమ యిది. ఉగ్రమును బ్రసన్నతయు నొకే దైవమునఁ జూచుట యిచ్చటివారికిఁ గ్రొత్తగాదు. పోతన సప్తమస్కంధమున నృసింహావిర్భావమును దీర్ఘసమాసముల వచనమునఁ జెప్పి, బాలుఁడగు ప్రహ్లాదుని మాటలకు వేఱు నడక నిచ్చెను. రెండును నేక నడకను నడచినచో నా ఘట్టమున భయమును నిలువదు, భక్తియు నిలువదు.

ఇఁక నార్వే సంగీతమును గూర్చి. గిటారుల ధ్వనిని విద్యుద్యంత్రములచేఁ గఱకుపఱచి, తీఁగలను మిక్కిలి వేగముగ మీటుచు, డ్రమ్ములను నెడతెగక మ్రోఁగించుచు, గాయకుఁడు పాడుటకు మాఱుగ గొంతు చించుకొని యఱచుట దీని సామాన్యలక్షణము. స్వరతంత్రులకుఁ బైనున్న మడతలను గూడ నదరించుటచే నా గొంతు పుట్టును. అందు నిశ్చితమైన శ్రుతి నిలువదు. అక్షరము, లయ, ఒరపిడి మాత్రము మిగులును. ఇందొక శాఖవారు అడవి, మంచు, రాత్రి మున్నగువాని భావమును దీర్ఘములగు నావృత్తులచేఁ గల్పింతురు. ఆ శాఖలో శ్రుతిబద్ధమైన గానమును నీ యఱపును గలిపినవారు గలరు.

ఈ కలయికకు మేలైన యుదాహరణము ఓస్లో నగరపు 'ఉల్వర్' అను మేళము. ఆ పేరునకుఁ దోఁడేళ్లని యర్థము. వారు 1995లో 'బెర్గ్‌టాట్' అను నైదధ్యాయముల గీతసంపుటమును వెలువరించిరి. కొండచేఁ బట్టువడుట యని దాని పేరున కర్థము. ఒక కన్యను గొండలోని యదృశ్యజాతివారు మరులుగొలిపి లోనికిఁ దీసికొనిపోవుట కథ. బిల్లసర్గము గుహల చెంత నివసించు బేతంచెర్లవారి కిట్టి కథకు వ్యాఖ్య యక్కఱలేదు. భాషయుఁ బ్రాఁతవడిన డేనో-నార్వీజియను. మన గ్రంథములలోని గ్రాంథికమువంటిది. తరువాత 1996లో గిటారు, సెల్లో, బృందగానములతోఁ గేవలము మెత్తనిదగు 'క్వెల్డ్‌సాంగర్'ను, 1997లోఁ గేవలము గఱకైన 'నాటెన్స్ మాడ్రిగల్'ను వెలువరించిరి. మూఁటను గాయకుఁడు క్రిస్టఫర్ రిగ్ అనువాఁడే. ఒకే కంఠము మొదట రెండు తీరులను గలిపి, పిదప వేఱువేఱుగ విడఁదీసి చూపినది. విమర్శకున కింతకంటె ననువైన నిదర్శనము దొరకుట యరిది.

ఇట్టి కలయికను విను శ్రోతలు మూఁడు తెఱఁగుల వారు. మొదటివారు మెత్తని గొంతు కొఱకుఁ గఱకుగొంతును సహింతురు; వీరికి రెండవది వానకాలపు బురదవంటిది, దాఁటి పోవలసినదే. రెండవవారు గఱకుగొంతే సత్యమనియు, మెత్తనిది ప్రజల మెప్పుకై చేసిన రాజీ యనియు నెంతురు. మూఁడవవారు రెండింటిని మెచ్చుకొందురు గాని యలంకారముగ మెచ్చుకొందురు. వెలుఁగునీడలవలె నొకదానిప్రక్క నొకటి యందముగ నున్నవని తృప్తిపడుదురు. ఖడ్గమునకుఁ జేరిన జనములో మనము చూచినవారే వీరు. మూఁడవవారు తక్కినవారికంటె మేలైనను వారును బ్రశ్న నడుగరు. కఱకుగొంతు ఎచ్చటఁ బ్రవేశించినది? ఏ మాట వెనుక? దేనిని విడిచి మెత్తన యయ్యెను? ఈ ప్రశ్న లేనిదే తీర్పు లేదు.

మన శాస్త్రము లిందు మౌనము వహింపలేదు. 9వ శతాబ్దివాఁడగు నానందవర్ధనుఁడు శ్రుతిదుష్టాది దోషములను ననిత్యములనియె. ధ్వనికి నాత్మయగు శృంగారమున నవి వర్జ్యములు. రౌద్రాదులందు దోషములు గావు. మమ్మటుఁడు మాధుర్యమునకుఁ జిత్తద్రుతిని, ఓజస్సునకుఁ జిత్తదీప్తిని గార్యములుగఁ జెప్పెను. 13వ శతాబ్దివాఁడగు శార్ఙ్గదేవుఁడు గాయకదోషములలో నుద్ఘుష్టమును, గాకస్వరమును లెక్కించియు, శబ్దభేదములను జెప్పునపుడు ఖాహుల, నారాట, బొంబకములతోపాటు మిశ్రకమును గూడఁ బేర్కొనెను. మిశ్రణము శాస్త్రకారున కెఱుకలేని వస్తువు గాదు.

అయినను నొక చిక్కు గలదు. కరుణవిప్రలంభములందు మాధుర్యమునకుఁ బ్రకర్షమని యానందవర్ధనుని మతము. అట్లయినఁ గరుణమునఁ గఱకుగొంతు తగదు. కాని పల్లెలలోఁ జావు జరిగిన యింట స్త్రీలు పోయినవారి గుణములను దలఁచి రాగము దీసి యేడ్చుట వినిన వారెవ్వ రీ నియమము నట్లే యొప్పుకొందురు? ఆ శోకమునందు స్వరము నిలిచినంతసేపు వినువాఁ డోర్చుకొనును. పోయినవాని పేరు వచ్చినచోట గొంతు జీరవోవును, శ్రుతి తప్పును. అచ్చటనే వినువాని కన్నులు తడియగును. జీర మాధుర్యమునకు విఘ్నము గాదు. మాధుర్యము మోయఁజాలని బరువున కది గుర్తు. అమెరికా దేశపు 'అగలాక్' అను మేళము 2002లో వెలువరించిన 'ది మాంటిల్' అను సంపుటమున నీ రీతి స్పష్టముగ వినవచ్చును. అందుఁ గఱకుగొంతు కోపముతో నుండదు. గుసగుసకు దగ్గఱగ, దుఃఖముతోఁ బొడివాఱి యుండును. పారుష్యమును రౌద్రమునకుఁ గట్టిపెట్టిన మన పాఠమును సవరించుకొనవలసియున్నది.

సవరణకు మన వ్యాకరణమే త్రోవ చూపుచున్నది. క చ ట త పలు పరుషములని, గ జ డ ద బలు సరళములని పసివారుసైత మెఱుఁగుదురు. ద్రుతప్రకృతికముపైఁ బరుషము సరళమగునని చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున విధించెను. అక్షరము స్వతః పరుషమైనను, దాని ముందున్నది కరఁగు స్వభావము గలదైనచో నది మెత్తఁబడును. పారుష్యము వర్ణమునఁ గాక సంధియందుఁ దీర్మానమగుచున్నది. కంఠముల మిశ్రణమునకు నిదియే సూత్రమని నా మతము. కఱకుగొంతు మంచిదా, మెత్తని గొంతు మంచిదా యని కాదు, రెండింటి సంధి యెట్టిదని యడుగవలెను.

ఈ కొలఁది 'బెర్గ్‌టాట్'ను గొలుతము. మొదటి యధ్యాయమున వాద్యములు వేగముగఁ గఱకుగ సాఁగుచుండఁగాఁ గంఠము మాత్రము పొరలుపొరలుగ మెత్తనిదై పాడును. అనఁగా భయము చుట్టునుండును, మనసింకను దాని నెఱుఁగదు. పిదప నఱపు ప్రవేశించును. మూఁడవ యధ్యాయమున నొకచో సంగీతమంతయు నాఁగి, పియానో మెల్లన మ్రోఁగుచుండ నడవిలో నెవరో నడచు సవ్వడి వినవచ్చును. నాలవది మిక్కిలి శాంతము. తొలుత వినినపుడు ప్రియమైన యా మెత్తఁదనమే యిపుడు నమ్మరానిదిగఁ దోఁచును. మరులుగొలుపు గొంతు మెత్తనిదే గదా! ఇట సంధి యర్థమును గన్నది. మెత్తని గొంతు రక్షణయని, కఱకుగొంతు ప్రమాదమని శ్రోత వేసికొన్న లెక్క తలక్రిందయ్యెను. మొదటి తెఱఁగు శ్రోత మెత్తని భాగములనే యెన్నుకొని వినినచో, కొండ యా కన్యకుఁ జేసిన మోసమే యతనికిని జరుగును.

తరువాతి రెండు సంపుటములు దీనిని రూఢి చేయుచున్నవి. 'క్వెల్డ్‌సాంగర్' శ్రావ్యమైనను, కొన్ని ఖండిక లారంభముగనే యారంభించి యారంభముగనే ముగియును. ఎదిరి లేని మాధుర్యము విశ్రాంతి యగునేగాని శాంతి గాదు. 'నాటెన్స్ మాడ్రిగల్' వినుట కష్టము. దాని ధ్వని యెంత మోటయనఁగా, అడవిలో ముద్రించిరని యొక వదంతి వ్యాపించినది. అది వదంతియే. అయినను మరల మరల వినినచో గిటారుల లోపల రాగము దాఁగియున్నదని తెలియును. అనఁగా నచ్చటను మిశ్రణము పోలేదు, గొంతును విడిచి వాద్యమునఁ జేరినది. ఇఁక, చరణమునఁ గఱకు, పల్లవిలో మెత్తన యని గడియారమువలె మార్చు మేళములు పెక్కు బయలుదేఱినవి. అందు సంధి లేదు, అతుకు గలదు. మూఁడవ తెఱఁగు శ్రోత మెచ్చుకోలు తఱచుగ నట్టివానికే దక్కుచున్నది.

కొన్ని యాక్షేపములకు సమాధానము చెప్పవలెను. సాహిత్యము వినఁబడదందురు. ఖడ్గమునను వినఁబడదు, మన కచేరీలలో నాలాపనమునఁ బడి పదము విఱిగినను మనము తల యూఁపుచునే యున్నాము. 1992 మొదలు నార్వేలో నీ సంగీతమువారు కొందఱు ప్రాచీన క్రైస్తవాలయములను దగ్ధము చేసిరనియు నందురు. అది నిజము, నింద్యము. ఆ దోషము చేసినవారిది. సంగీతప్రక్రియపై దానిని మోపుట న్యాయము గాదు, ప్రక్రియను మెచ్చి వారి నేరమును గప్పుటయు న్యాయము గాదు.

చివరకు మన యింటి మాట. తాడిపత్రిలోఁ బుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) రంగస్థలమునఁ బద్యమును రాగముతో సాగఁదీయుట కెదురు నిలిచెను. భావమునకుఁ దగిన వాచికమును గోరెను. శ్రోతలు 'వన్స్ మోర్' అని రాగమునే కోరిరి. నేఁటికిని బాఠశాలలలో దుర్యోధనుని పద్యమును, రుక్మిణి పద్యమును నొకే మెత్తని గొంతుతోఁ జదివించుచున్నాము. పిల్లవాఁడు కోపపుఁ బద్యమును గోపముతోఁ జదివినచో నపశ్రుతి యని వారింతుము. ఇట్లు పెరిగిన చెవి సగపుఁజెవి. ఖడ్గములను సేకరించువారును మాటలను మాత్రమే కాగితముపై నెక్కించుచున్నచో, డోలు చప్పుడును, కేకయుఁ, దరువాతి మంగళమును బోవును. మిగిలినది చదివి యిది మోటుగద్య మని పండితుఁడు తీర్పు చెప్పును. ఆ తీర్పునకుఁ బండితునికంటె సేకర్తయే బాధ్యుఁడు. ఖడ్గమును దుదివఱకు, హారతితోఁ గూడ, ధ్వనిముద్రణము చేసి భద్రపఱుపవలెను.

బేతంచెర్లలో నాపబండలను నునుపు చేయువారు పైమొగమునకే మెఱుఁగు పెట్టుదురు. అడుగు మొగమును గఱకుగనే విడుతురు. అది నునుపైనచో బండ నేలను బట్టుకొనదు. పైమొగమును జూచి మెచ్చుకొను మనము దానిపై నిలుచుట యడుగు మొగముచేతనే.