రిబ్కా కప్పిన చేతులు

కేథలిక్ బిషప్ పూజావస్త్రాల్లో చేతి తొడుగులది చిన్న స్థానమే. పాత లాటిన్ పద్ధతిలో బిషప్ జరిపే పెద్దపూజ మొదలైనప్పటి నుంచి, అర్పణ దగ్గర చేతులు కడుక్కునే దాకా అవి చేతులకుంటాయి. సాధారణంగా పట్టువి. ఆనాటి పూజావస్త్రాల రంగులోనే ఉంటాయి. ఉంగరం వాటి మీదుగా పెట్టుకుంటారు. మృతుల కోసం చేసే పూజలోనూ, గుడ్‌ఫ్రైడే నాడూ వాడరు. 1968లో వీటిని బిషప్ ఇష్టానికి వదిలేశారు. పాత పద్ధతి పాటించే చోట్ల తప్ప ఇప్పుడు పెద్దగా కనబడవు. మూలన పడ్డ ఈ వస్తువు గురించి ఇంత చర్చ ఎందుకంటే, దాన్ని తొడిగేటప్పుడు చదివే ప్రార్థన కోసం.

ఆ ప్రార్థన ఆదికాండంలోని ఒక ఘట్టాన్ని తలుచుకుంటుంది. యాకోబు చేతులకు మేకపిల్లల తోళ్ళున్నాయి, తండ్రికి ఇష్టమైన భోజనం పెట్టాడు, దీవెన పొందాడు. ఈ బిషప్ అర్పణకీ అలాగే కృప దక్కాలని అడుగుతుంది.

ఇప్పుడు ఆదికాండం 27వ అధ్యాయం చదవండి. ఇస్సాకు పెద్దకొడుకు ఏశావుతో అన్న మాటలు విన్నది తల్లి రిబ్కా. ఉపాయం ఆమెది. వంట ఆమెది. ఏశావు బట్టలు తీసి చిన్నకొడుక్కి తొడిగింది ఆమె. అతని చేతులకూ మెడకూ తోళ్ళు కప్పింది ఆమె. దొరికిపోతే తండ్రి శపిస్తాడని యాకోబు జంకితే, ఆ శాపమేదో తన మీదికే రానీ అన్నది కూడా ఆమే. యాకోబు మేకపిల్లల్ని తెచ్చిచ్చాడు, ఆపైన గుడ్డి తండ్రి ముందు అబద్ధమాడాడు.

ప్రార్థనలో రిబ్కా లేదు. చేతులు 'కప్పబడి' ఉన్నాయంతే. ఎవరు కప్పారన్న ప్రశ్నకి ఆ లాటిన్ వాక్యంలో చోటే లేదు. ఈ విద్యలో మన తెలుగేం తక్కువ తినలేదు. 'వంటయిందా?' అన్న ప్రశ్నలో కర్త ఉండదు. వంట దానంతటదే అవుతుంది! స్త్రీల శ్రమని చెరిపెయ్యడానికి పితృస్వామ్యానికి ప్రతిసారీ నిషేధాలు అక్కర్లేదు, వ్యాకరణం చాలు.

మధ్యయుగపు భాష్యాల్లో రిబ్కా కనబడుతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. అక్కడ ఆమెని పవిత్రాత్మ కృపకి గుర్తుగా చెప్పారు. అది గౌరవంలాగే ఉంటుంది. కానీ కృపగా మారిన రిబ్కాకి పొయ్యి లేదు, భయం లేదు, ఇద్దరు కొడుకుల్లో ఒకరినే ఎంచుకున్న తల్లి పక్షపాతమూ లేదు. స్త్రీని ప్రతీకగా పైకెత్తి మనిషిగా మాయం చెయ్యడం మనకి కొత్త కాదు. ఆదికాండం కూడా రిబ్కా దాది దెబోరా చనిపోవడాన్ని చెప్పింది కానీ రిబ్కా మరణాన్ని చెప్పలేదు. ఆమెని ఎక్కడ పాతిపెట్టారో చివర్లో యాకోబు మాటల వల్లే తెలుస్తుంది.

బాప్తిస్మం పొందిన పురుషుడే గురుపట్టాభిషేకానికి అర్హుడని 1983 నాటి కేథలిక్ చట్టసంహిత 1024వ నిబంధన చెబుతోంది. ఆ పట్టాభిషేకాల్లో అత్యున్నతమైనదాన్ని పొందినవాడు, చేతుల శుద్ధికోసం చేసే ప్రార్థనలో ఒక తల్లి చేసిన పని మీద ఆధారపడ్డాడు. 'తల్లి కప్పిన చేతులు' అని ఒక్క మాట చేరిస్తే ఆ ప్రార్థన పవిత్రత తగ్గదు. దీవెన కొడుక్కి, శాపం తల్లికి అన్న ఒప్పందం మాత్రం అందరికీ కనబడుతుంది.