పులుసులో రెండోసారి ఉప్పు

జాజ్ బృందం కోసం పూర్తిగా రాసిపెట్టిన సంగీతానికి పియానోవారు తమ కార్డ్స్, అంటే కలిపి పలికే స్వరాలు, అదనంగా తగిలిస్తే నాకు పులుసులో రెండోసారి ఉప్పు పడ్డట్టుంటుంది. బూరాలు పలికేవీ ఆ స్వరాలేగా!

1957లో కౌంట్ బేసీ బృందం రికార్డు చేసిన ‘లిల్ డార్లిన్’ వినండి. బాణీ, వాద్యాల కూర్పు రెండూ నీల్ హెఫ్టీవే. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు నిండుగా పలుకుతుంటే ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు నింపాదిగా నడుస్తుంది. బృందానికి పెద్ద అయిన బేసీ మాత్రం సందు దొరికినచోట నాలుగు స్వరాలు పలికించి ఊరుకుంటాడు. చేతకాకనా? హార్లెమ్‌లో రెండు చేతులా జోరుగా వాయించడం నేర్చినవాడే! అక్కడ నిండు కార్డ్స్ పడితే ముందు మునిగేది ఆ గిటారే.

అందుకే పియానోవారికి నా మనవి: బూరాల్లో లేని స్వరం మీ దగ్గరుంటే వేయండి. లేదా, బేసీలా కాసేపు ఊరుకోండి బాబూ!