ప్లే అంటే ఏం చేస్తున్నట్టు?

ఇంగ్లీషువాడు బంతాట, పియానో, వయొలిన్, చదరంగం, హామ్లెట్ వేషం అన్నిటినీ ‘ప్లే’ చేసేస్తాడు. చైనీయులకు అలా కుదరదు. చెయ్యో కాలో నోరో ఏం చేస్తోందో వాళ్ల క్రియ చెప్పాల్సిందే. బాస్కెట్‌బాల్‌కి ‘తా’, అంటే కొట్టడం. ఫుట్‌బాల్‌కి ‘థీ’, తన్నడం. పియానోకి ‘థాన్’, వేళ్లతో మీటడం. వయొలిన్‌కి ‘లా’, లాగడం; కమాను లాగాలి కదా మరి. పిల్లనగ్రోవికి ‘ఛ్వేయ్’, ఊదడం. చదరంగానికి ‘శ్యా’, పావును దించడం. పేకకీ మాజాంగ్‌కీ మళ్లీ కొట్టడమే. ఊదుతాం, మీటుతాం, కొడతాం అంటూనే మనం వాద్యాలన్నిటికీ గంపగుత్తగా ‘వాయించు’ అని ఒకటి ఉంచుకున్నాం.

ఆన్‌లైన్లో చైనా విద్యార్థులకు ఇంగ్లీషు పాఠాలు చెబుతుంటాను. వాళ్లు తడబడేది పియానో దగ్గర కాదు. దాన్ని ‘ప్లే ద పియానో’ అని మొత్తంగా బట్టీ పట్టేసి ఉంటారు. చిక్కంతా ‘వాన్’ అనే మాటతో. సరదాగా కాలక్షేపం చేయడానికి చైనాలో ఏ వయసువాళ్లైనా అనే మాట అది. అక్కడి బడుల్లో 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలు. ఆ వయసులో ‘ప్లే’ పక్కన ‘వాన్’ అని రాసుకున్న పిల్లాడు ముప్పై దాటి ఇంజనీరయ్యాక కూడా ‘శనివారం స్నేహితులతో ప్లే చేశాను’ అంటాడు. వినేవాడికి గోలీలాట కళ్ల ముందు మెదులుతుంది.

పరీక్షల కోచింగుల్లో ‘షూ త్స్ షంగ్ యీ’ అనే అధ్యాయం ఒకటుంటుంది: తెలిసిన మాట, తెలియని అర్థం. ‘బుక్’ అంటే టికెట్ తీసుకోవడం, ‘ఫైన్’ అంటే జరిమానా, ‘అడ్రస్’ అంటే సమస్య సంగతి చూడటం. పనికొచ్చేదే, కాదనను. కానీ ఆ అరుదైన అర్థాలు నూరిపోసేవాళ్లు ‘ప్లే’ జోలికి రారు, అది వచ్చేసిందని ధీమా. నా లెక్కలో రానిది అదే.

ఢాకాలో చాలాకాలం ఇంగ్లీషు బోధించిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు రెండు వేల మాటల జాబితా వేశాడు. దాంట్లో ఒక్కో మాటకున్న అర్థాల్లో ఏది నూటికి ఎంత వాడుకలో ఉందో కూడా చూపించాడు. ఏ అర్థం ముందు చెప్పాలో తేల్చుకోవడానికి పంతులుకి అంతకంటే ఏం కావాలి? మాటల జాబితాలు వేసేవాళ్లు ఆ నూటికింతల్ని తీసేసి మాటల్ని మాత్రం ఉంచుకోవడం నాకు మింగుడుపడదు.

మా ఇంజనీరుకు ‘హ్యాంగ్ అవుట్’ నేర్పాను, వాడుతున్నాడు. ఇక ‘ప్లే యాన్ ఇంపార్టెంట్ రోల్’ అన్నది ఎవరూ నేర్పనక్కర్లేదు. ముఖ్యపాత్ర పోషించడమనే మాట చైనీస్‌లోనూ అచ్చంగా ఉంది, పైగా పరీక్ష వ్యాసాలకు పెట్టింది పేరు. నీళ్లు, ఇంటర్నెట్, అమ్మమ్మ, అన్నీ ముఖ్యపాత్రే పోషిస్తాయి. పేరాకి ఒకటి చాలని బేరమాడుతున్నాను, ఇంకా తెగలేదు.