మూడు పంచాంగాల ఊళ్లో ముహూర్తం

హోసూరులో పెళ్లికి రోజు కుదర్చడం గుంటూరులో కుదిర్చినంత తేలిక కాదు. ఒక ఇంట్లో తెలుగు, ఎదురింట్లో తమిళం, పక్కింట్లో కన్నడం వినిపించే ఊరిది. తెలుగువాళ్లకీ కన్నడిగులకీ ఏడాది ఉగాదితో మొదలవుతుంది. తమిళులకు సూర్యుడు మేషంలోకి వచ్చినప్పుడు, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో. మనకు ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, వాళ్లకు ఆడి నెలలో లేవు. ఈ రెండు నెలలూ ఒకటే అనుకుంటే చిక్కే. 2025లో మన శ్రావణం జులై 25న మొదలైంది, ఆడి మాత్రం ఆగస్టు 16 దాకా నడిచింది. మూడు వారాలకు పైగా ఒక ఇంటికి మంచివైన రోజులు రెండో ఇంటికి పనికిరాలేదు. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల మన నెలలు ఆలస్యంగా మొదలై, ఆ తేడా నాలుగైదు రోజులే అవుతోంది.

ఏటా మారే ఇలాంటి పట్టికలను పక్కపక్కన పెట్టుకుని, రెండు కుటుంబాలకూ ఒప్పుదలైన గడియను తేల్చడం ఇక్కడి పురోహితుల పని. డేటాబేస్‌ను అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో కలిపి పని దానంతటదే జరిగేలా చేయడం గురించి ఇవాళ కల్యాణమంటపాల నుంచి ఆసుపత్రుల దాకా అందరూ మాట్లాడుతున్నారు. ఆ పనిలో ఎదురయ్యే కష్టాల్లో ముఖ్యమైనవన్నీ ముహూర్తం పెట్టేవాళ్లకు పాతవే. వాటికి వాళ్ల దగ్గర కట్టుదిట్టమైన పద్ధతులున్నాయి. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ పద్ధతులు నేర్చుకోదగ్గవని గట్టిగా చెప్పగలను.

ముందు పట్టిక సంగతి. పంచాంగంలోని అయిదు అంగాల్లో వారం తప్ప మిగతా నాలుగూ ఆకాశం నుంచి కొలిచినవే. చంద్రుడు సూర్యుణ్ని 12 డిగ్రీలు దాటితే ఒక తిథి, అందులో సగం కరణం. చంద్రుడు 13 డిగ్రీల 20 నిమిషాల దూరం నడిస్తే ఒక నక్షత్రం. సూర్యచంద్రుల స్థానాలు కలిపిన మొత్తం అంతే పెరిగితే ఒక యోగం. చంద్రుడి నడక ఒకే తీరుగా ఉండదు కనుక తిథి ఒక్కోసారి 19 గంటలకే ముగుస్తుంది, ఒక్కోసారి 26 గంటలకు పైగా సాగుతుంది. అందుకే పంచాంగంలో ప్రతి అంగానికీ అది ముగిసే వేళ రాస్తారు. మొదలు రాయరు, ముందుదాని ముగింపే తర్వాతిదానికి మొదలు. ఒకే సంగతిని రెండుచోట్ల రాస్తే ఏదో ఒకరోజు ఆ రెండూ పొసగవని పట్టికలు కట్టేవాళ్లకు బాగా తెలుసు.

ఆ తర్వాతిది కొట్టివేత. ముహూర్తాన్ని వెతికి పట్టుకుంటారని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి పనికిరానివన్నీ కొట్టేయగా మిగిలినదే ముహూర్తం. అధికమాసం పోయింది, గురు శుక్ర మౌఢ్యాలు (ఆ గ్రహాలు సూర్యుడికి దగ్గరై కనబడని రోజులు) పోయాయి, చవితి నవమి చతుర్దశి పోయాయి. 27 నక్షత్రాల్లో పెళ్లికి పనికొచ్చేవి రోహిణి, మృగశిర, మఘ, ఉత్తర, హస్త, స్వాతి, అనూరాధ, మూల, ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర, రేవతి. అంటే పదకొండు. పెద్ద జల్లెడలు ముందు, చిన్న జల్లెడలు తర్వాత. ఈ వరుస తిరగేస్తే ఫలితం మారదు గాని శ్రమ పదింతలవుతుంది.

ఇక తారాబలం. జన్మ నక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి తొమ్మిదితో భాగించాలి. శేషం 3, 5, 7 వస్తే విపత్తు, ప్రత్యక్, నైధన తారలు. ఆ రోజు వద్దు. వధువుది రోహిణి, వరుడిది పుష్యమి అనుకుందాం. ఉత్తరా నక్షత్రం రోజు చూస్తే వధువుకు లెక్క 9 వస్తుంది, శేషం లేదు, పరమమిత్ర తార. వరుడికి 5, ప్రత్యక్ తార. కొట్టేయాలి. రేవతి రోజు వధువుకు 24, శేషం 6, సాధన తార. వరుడికి 20, శేషం 2, సంపత్తార. ఇద్దరికీ బాగుంది. ఒక్కరికి నప్పితే చాలదు, ఇద్దరి పట్టికల్లోనూ ఆ రోజు నిలవాలి. వైద్యుడి ఖాళీ, గది ఖాళీ, రోగి వీలు మూడూ కలిస్తేనే అపాయింట్‌మెంట్ ఇవ్వాల్సిన చోట సాఫ్ట్‌వేర్ చేసేదీ అచ్చంగా ఇదే.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఈ జల్లెడలకు మరికొన్ని తోడవుతాయి. మన ఆంధ్ర ప్రాంతంలో వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుంటే సరిపోతుంది. తమిళ కుటుంబానికి రాహుకాలం, యమగండం దాటాలి, చంద్రాష్టమం (జన్మరాశికి ఎనిమిదో రాశిలో చంద్రుడు ఉండటం) కూడా పట్టింపే. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి వస్తుంది, రాహుకాలం వారాన్ని బట్టి. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని అందరి నోటా ఉంటుంది. అయితే అది ఆరింటికి పొద్దు పొడిచిందని అనుకున్న లెక్క. పగలును ఎనిమిది భాగాలు చేసి సోమవారం రెండో భాగాన్ని తీసుకోవాలన్నది అసలు సూత్రం. జనవరి నడుమ హోసూరులో సూర్యోదయం ఆరూ ముప్పావు దగ్గర పడుతుంది. అప్పుడు రాహుకాలం మొదలయ్యేది సుమారు 8 గంటల 10 నిమిషాలకు.

స్థానిక కాలం సంగతి ఇంకా సున్నితమైనది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తాయి. హోసూరు ఉన్నది 77.8 డిగ్రీల దగ్గర. అంటే గడియారం కన్నా సూర్యుడు దాదాపు 19 నిమిషాలు వెనక. విజయవాడలో ఆ తేడా ఏడున్నర నిమిషాలే. తిథి ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే గాని సూర్యోదయం, లగ్నం ఊరిని బట్టి మారతాయి. లగ్నం సుమారు రెండు గంటలు, అందులో తొమ్మిదో వంతైన నవాంశ పదమూడు నిమిషాలు. విజయవాడకు గణించిన పంచాంగాన్ని హోసూరులో యథాతథంగా వాడితే, అక్షాంశం తేడా లేకుండానే పదకొండు నిమిషాలు జారిపోతుంది. దాదాపు ఒక నవాంశ! టైటాన్ గడియారాలు తయారయ్యే ఊరు తన సొంత సూర్యోదయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఈ లెక్కలకు యంత్రాలే కావాలని లేదు. వరరుచి పేరు మీద చెప్పుకునే 248 చంద్రవాక్యాల్లో ప్రతి వాక్యంలోని అక్షరాలు కటపయాది పద్ధతిలో అంకెలవుతాయి, ఆ అంకెలు ఒక్కో రోజు చంద్రుడి స్థానాన్ని చెబుతాయి. పట్టికంతా కంఠస్థం. 1825లో మద్రాసులో అచ్చయిన ‘కాలసంకలిత’ గ్రంథంలో జాన్ వారెన్ తాను పుదుచ్చేరిలో చూసిన తమిళ పంచాంగకర్త గురించి రాశాడు. ఆయన నేలమీద గవ్వలు పేర్చుకుంటూ, నోటికి వచ్చిన పట్టికలతోనే చంద్రగ్రహణాన్ని గణించి చూపాడు. పట్టిక గుండెలో, గణితం గవ్వల్లో, మధ్యలో తప్పని క్రమం. స్వాతంత్ర్యం వచ్చాక మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. ఆ కృషి ఫలంగా వచ్చిన రాష్ట్రీయ పంచాంగం తెలుగులోనూ వెలువడుతోంది.

ఇప్పుడు మంటపం యజమాని దగ్గరికి వద్దాం. ఆయనకు కావలసినవి మూడు. బుకింగులు రాసే డేటాబేస్, తేదీలు చూపే క్యాలెండర్, ఈ రెంటినీ కలిపే ఆటోమేషన్. తమిళనాడు కేంద్రంగానే పనిచేసే జోహో సంస్థలో ఇవి క్రియేటర్, బుకింగ్స్, ఫ్లో అన్న పేర్లతో ఉన్నాయి. డేటాబేస్‌లో కొత్త వరుస చేరగానే ఆటోమేషన్ మేల్కొని, షరతులు చూసి, క్యాలెండర్‌లో రోజును పట్టి, రెండు కుటుంబాలకూ సందేశం పంపుతుంది. ఇంతవరకు ఒక పూటలో నేర్చుకోవచ్చు.

చెడేది ఆ తర్వాత. సందేశం ఒకసారి పోక మళ్లీ నడిపితే అదే పెళ్లి రెండుసార్లు నమోదవుతుంది. ప్రతి బుకింగుకూ మారని సంఖ్య ఒకటి ఇచ్చి, క్యాలెండర్ ఇచ్చిన గుర్తును వెనక్కి తెచ్చి అదే వరుసలో రాసుకుంటే ఈ బెడద పోతుంది. ఖాళీ ఉందా లేదా అన్న తీర్పు కూడా డేటాబేస్‌దే కావాలి, క్యాలెండర్‌ది కాదు. ఒకే మంటపానికి ఒకదాని మీద ఒకటి పడే రెండు వేళలను పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్ నిబంధన పెడితే అసలు రానివ్వదు.

అన్నిటికన్నా పెద్ద గొయ్యి తెల్లవారుజాము ముహూర్తం. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మారుతుంది, కంప్యూటర్‌కు అర్ధరాత్రితో. బుధవారం రాత్రి 4 గంటల 20 నిమిషాలకు ముహూర్తం అంటే కంప్యూటర్‌కు అది గురువారం. శుభలేఖల్లో ‘తెల్లవారితే గురువారం’ అని రాయడం పెద్దలు ఈ తికమకకు కట్టిన ఆనకట్ట. పైగా ఇక్కడ రిసెప్షన్ ముందురోజు సాయంత్రం, ముహూర్తం మర్నాడు. ఒక్క పెళ్లి రెండు తేదీల మీద పరుచుకుంటుంది. ‘పెళ్లి తేదీ’ అని ఒక్క గడి పెట్టిన పట్టిక ఈ ప్రాంతంలో పనిచేయదు. మంటపం చేతికిచ్చే వేళ, ఖాళీ చేసే వేళ, ముహూర్తం వేళ అని మూడు గడులు ఉండాలి, మూడింటిలోనూ తేదీ, గంట కలిపి రాయాలి.

యంత్రానికి అప్పగించాల్సింది కొట్టివేత వరకే. మిగిలిన రెండు మూడు రోజుల్లో ఏది ఖాయమో తేల్చేది పెద్దలు. మేనత్త ఊరి నుంచి రాగలదా, కోతలు అయిపోతాయా అన్నవి ఏ పట్టికలోనూ ఉండవు.

హోసూరు నుంచి రోజూ బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లి సాఫ్ట్‌వేర్ రాసే తెలుగు పిల్లలకు ఒక విన్నపం. హోసూరు రేఖాంశానికీ, అక్కడికి ఒకటిన్నర నిమిషం తేడా ఉన్న కృష్ణగిరికీ విడివిడిగా సూర్యోదయం, లగ్నాలు, వర్జ్యం, రాహుకాలం గణించిన పట్టిక ఒకటి తయారుచేయండి. తెలుగు నెలలు, తమిళ నెలలు అందులో పక్కపక్కన ఉండాలి. మీ వీధి పురోహితుడి దగ్గర కూర్చుని సరిచూసుకుని, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టండి.