పని ఆపకుండా మాట్లాడిన నటి: థెల్మా రిటర్

అమెరికన్ పాత సినిమాల్లో సహాయనటి అంటే ఎవరు అని అడిగితే నేను తడుముకోకుండా చెప్పే పేరు థెల్మా రిటర్. ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు ఆగ్నెస్ మూర్‌హెడ్ పేరెత్తి, ‘ద మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’లో ఆవిడ చల్లారిన బాయిలర్‌కు ఆనుకుని కూలబడే దృశ్యం గుర్తుచేస్తారు. ఈవ్ ఆర్డెన్ అభిమానులైతే ‘మిల్డ్రెడ్ పియర్స్’ చూడమంటారు. ఆ ఇద్దరి మీదా నాకు గౌరవమే. అయినా రిటర్ తెరమీదికి వచ్చిందంటే చుట్టూ ఉన్నవాళ్లు నటిస్తున్నారన్న సంగతి బయటపడిపోతుంది. ఎదురుగా బెట్టీ డేవిస్ ఉన్నా సరే.

పుట్టింది న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, 1902 ఫిబ్రవరి 14న. అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్స్‌లో నటన నేర్చుకుంది, నాటక కంపెనీల్లో చిన్నాచితకా వేషాలు వేసింది, జోసెఫ్ మోరన్ అనే నటుణ్ణి పెళ్లాడింది. ఆయన నటన మానేసి ప్రకటనల రంగంలోకి వెళ్లాడు. ఈవిడ ఇద్దరు పిల్లల్ని పెంచింది, 1940లలో రేడియో నాటకాల్లో పనిచేసింది. మొహం కనబడని ఆ రేడియో కొలువే ఆ గొంతుకు పదును పెట్టిందని నా నమ్మకం. ఇసుక కలిసినట్టుండే గొంతు, దాచుకోని బ్రూక్లిన్ యాస, ఎక్కడా తొందర లేని విరుపు. తొలి సినిమా విడుదలయ్యేసరికి ఆమెకు నలభై అయిదేళ్లు. ఆ వయసుకి హాలీవుడ్‌లో చాలామంది హీరోయిన్లకు తలుపులు మూసేస్తారు.

ఆ సినిమా ‘మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్’ (1947). దర్శకుడు జార్జ్ సీటన్ వాళ్ల కుటుంబానికి స్నేహితుడు కాబట్టి దొరికిన చిన్న వేషం. క్రిస్మస్ రద్దీలో మేసీస్ దుకాణంలోని శాంటాక్లాజ్ దగ్గరికి కొడుకును తీసుకొచ్చిన తల్లి. ఎన్ని కొట్లు తిరిగినా దొరకని బొమ్మ ఫైరింజన్‌ను ఆ తాత పిల్లవాడికి ఇస్తానని మాటిచ్చేస్తాడు. అప్పుడు చూడాలి రిటర్‌ని. పిల్లవాడికి వినబడకూడదు, తాతకు మాత్రం గట్టిగా తగలాలి. కాళ్లు పీకుతున్నాయన్న సంగతి ఆ గుసగుసలోనే తెలిసిపోతుంది. టైటిల్స్‌లో పేరు కూడా వెయ్యని వేషమిది! రషెస్ చూసిన స్టూడియో అధిపతి డారిల్ జానక్ ఆ పాత్రను పెంచమన్నాడని చెబుతారు. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ ఆమెతో కాంట్రాక్టు రాయించుకుంది.

ఇక ఆవిడ పనితనం సంగతి. నాకు తోచినంతవరకు రిటర్ నటనకు ఆయువుపట్టు చేతుల్లో ఉంది. ఆమె ఎక్కువగా వేసినవి పనిమనుషుల, నర్సుల, వంటమనుషుల పాత్రలు. తెరమీద ఆ పని నిజంగా జరుగుతుంది. ‘రియర్ విండో’ (1954) మొదటి దృశ్యాల్లో ఆమె స్టెల్లా, ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన నర్సు. కాలు విరిగి చక్రాల కుర్చీలో కూలబడిన జేమ్స్ స్టువార్ట్ నోట్లో థర్మామీటర్ పెట్టేసి ఉపన్యాసం మొదలుపెడుతుంది. పాపం, అతను ఎదురు చెప్పడానికి లేదు. తర్వాత మంచం మీద బోర్లా పడుకోబెట్టి వీపు మర్దన. చల్లటి మందు ఒంటికి తగిలి అతను ఉలిక్కిపడి, వెచ్చచేయకూడదా అంటే, నెత్తురు పరుగెత్తాలంటే ఇదే మంచిదన్న ధోరణిలో కసిరేస్తుంది. గ్రేస్ కెల్లీ లాంటి పిల్లను పెళ్లాడనంటున్న ఈ మనిషికి బుద్ధి చెప్పడమూ, వీపు రుద్దడమూ రెండూ సాగుతుంటాయి. మాట ఎంత పదునెక్కినా చెయ్యి ఆగదు. మామూలు నటి అయితే మంచి డైలాగ్ రాగానే పని ఆపి, తల ఎత్తి, మన వైపు వదులుతుంది. రిటర్ ఆ డైలాగ్‌ను పనిలో పడేసి పోతుంది. మనమే ఏరుకోవాలి.

అదే సినిమాలో పొద్దుటి ఫలహారం దృశ్యం నేను చూపించని మిత్రుడు లేడు. స్టువార్ట్ ముందు బేకన్, గుడ్లు పెట్టి, భార్యను చంపాడని వాళ్లు అనుమానించే ఎదురింటివాడు ఆమెను ఎక్కడ ముక్కలు చేసి ఉంటాడో ఆలోచిస్తుంది. నెత్తురు కడగాలంటే స్నానాలతొట్టి తప్ప మరో చోటు లేదు కదా అంటుంది. స్టువార్ట్ ఫోర్కు గాల్లో నిలిచిపోతుంది. రిటర్ మొహంలో చమత్కారం మచ్చుకైనా లేదు. ఇల్లు సర్దే మనిషి మరకల గురించి ఆలోచించే తీరే అది. ఇదే స్టెల్లా, జనరల్ మోటార్స్ డైరెక్టర్ ఒకాయన మాటిమాటికి బాత్రూమ్‌కి పరుగెత్తడం చూసి 1929 నాటి స్టాక్ మార్కెట్ పతనాన్ని ముందే పసిగట్టానని చెబుతుంది. నమ్మకుండా ఉండలేం.

‘ఆల్ అబౌట్ ఈవ్’ (1950) గురించి మాట్లాడేవాళ్లంతా బెట్టీ డేవిస్ దగ్గర మొదలుపెట్టి ఆన్ బాక్స్టర్ దగ్గర ముగిస్తారు. నేను బర్డీ దగ్గర మొదలుపెడతాను. బర్డీ ఒకప్పటి వాడవిల్ నటి, ఇప్పుడు పెద్ద రంగస్థల తార మార్గోకు (బెట్టీ డేవిస్) దుస్తులు తొడిగే మనిషి. కొత్తగా వచ్చిన ఈవ్ తన కష్టాల కథ చెబుతుంటే డ్రెస్సింగ్ రూమ్ మొత్తం కరిగిపోతుంది. నిశ్శబ్దాన్ని మొదట చీల్చేది బర్డీ వెటకారం. మార్గో కసురుతుంది, బర్డీ క్షమాపణ చెప్పుకుంటుంది. ఆ కథ విన్న క్షణంలో కరిగింది ఆమె కూడా. అందుకే ఆ వెటకారం అంత బాగా పండింది. తర్వాత పడకగదిలో, ఈవ్ అంటే నీకు పడదు కదూ అని మార్గో నిలదీస్తుంది. ఆ పిల్ల నిన్ను పుస్తకంలా చదువుతోంది, నీ నడక, నీ మాట, నీ తిండి అన్నీ నేర్చుకుంటోంది అని బర్డీ జవాబు. సినిమాకు గుండెకాయ ఆ జవాబే. దాన్ని వార్త చెప్పినట్టు చెబుతుంది, గొంతు పెంచదు. తెలివైనవాళ్లంతా మోసపోయినచోట ఆ ఒక్క మనిషే చూడగలిగిందంటే మనం నమ్మేది ఈ పొడిదనం వల్లనే. సగం సినిమా అయ్యాక బర్డీ మరి కనిపించదు. జోసెఫ్ మాంకివిచ్ రాతలో నేను క్షమించలేనిది ఇదొక్కటే.

నవ్వించడం ఒక్కటే వచ్చనుకునేవాళ్లకు ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’ (1953) జవాబు. శామ్యూల్ ఫుల్లర్ తీసిన ఈ సినిమాలో ఆమె మో. పెట్టెలో టైలు పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది, జేబుదొంగల పేర్లు పోలీసులకు అమ్ముతుంది. ధరలు పెరిగాయి కాబట్టి తన రేటూ పెరిగిందని పోలీసు అధికారితో బేరమాడే తీరు చూడండి. కూరగాయల బండి దగ్గర కూడా అంత నిదానంగా ఎవరూ బేరమాడరు. ఇలా కూడబెట్టే డబ్బంతా ఒక సమాధి స్థలం కోసం. అనాథ శవాలను పాతే పాటర్స్ ఫీల్డ్‌కు తన శవం వెళ్లకూడదు, ఆమెకు ఉన్నది ఆ ఒక్క బెంగే. ఆమె చేతిలో అమ్ముడుపోయిన జేబుదొంగ రిచర్డ్ విడ్‌మార్క్ కూడా ఆమెను తప్పుపట్టడు. బతకాలి కదా అంటాడు.

ఇప్పుడు ఆ గది దృశ్యం. రాత్రి ఇంటికి వస్తుంది, గ్రామఫోన్ రికార్డు పెడుతుంది, మంచం మీద వాలుతుంది. అప్పుడు తెలుస్తుంది గదిలో మరో మనిషి ఉన్నాడని. అతను కమ్యూనిస్టు గూఢచారి, చేతిలో తుపాకీ ఉంది, విడ్‌మార్క్ చిరునామా కావాలి. భయపడే అవకాశం రచయిత ఇచ్చాడు, ఏడ్చే అవకాశమూ ఇచ్చాడు. రిటర్ రెండూ తీసుకోలేదు. అలసిపోయింది, అంతే. పొద్దుణ్ణుంచీ తిరిగి, కాళ్లు లాగి, ఒళ్లు హూనమైన ముసలిది మాట్లాడుతుంది. ఒక్కో వాక్యం చివర ఊపిరి అయిపోతుంటుంది. నన్ను కాల్చేస్తే ఉపకారం చేసినవాడివవుతావు అని ఆమె అనేసరికి అది ధైర్యమో నిజంగానే విసుగో తేల్చుకోలేం. కెమెరా పక్కకు జరిగి గ్రామఫోన్ మీద ఆగుతుంది. రికార్డు చివరికొచ్చాక తుపాకీ మోగుతుంది. ఎంతోమంది మహానటులు తెరమీద చచ్చిపోవడం చూశాం, రొమ్ములు బాదుకుని, మూడు పేజీల మాటలు చెప్పి మరీ పోయారు. మో చావు ముందు అవన్నీ దిగదుడుపే.

ఆ సంవత్సరం ఉత్తమ సహాయనటి ఆస్కార్ డోనా రీడ్‌కు ఇచ్చారు, ‘ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ’కి. ఇన్నేళ్లయినా నాకిది మింగుడుపడదు. ఎప్పుడూ మంచిపిల్ల వేషాలే వేసే నటి ఒక్కసారి చెడ్డపిల్ల వేషం కట్టిందని అకాడమీ మురిసిపోయింది. వేషం మార్చడం కనిపిస్తుంది, లెక్క వెయ్యడం తేలిక. అసలు వేషమే లేనట్టు కనబడేదాన్ని ఎలా లెక్క వేస్తారు?

వరుసగా నాలుగేళ్లు రిటర్‌కు నామినేషన్ వచ్చింది. ‘ఆల్ అబౌట్ ఈవ్’కు జోసెఫిన్ హల్ చేతిలో, ‘ద మేటింగ్ సీజన్’కు కిమ్ హంటర్ చేతిలో, ‘విత్ ఎ సాంగ్ ఇన్ మై హార్ట్’కు గ్లోరియా గ్రాహమ్ చేతిలో ఓడింది, నాలుగోది చెప్పాను. తర్వాత ‘పిల్లో టాక్’ (1959)లో ఆల్మా. రోజూ పొద్దున్నే నిషా దిగని తలతో పనికి వచ్చే ఈ పనిమనిషి దగ్గర రహస్యం రాబట్టాలని రాక్ హడ్సన్ మందు పోయిస్తాడు. చివరికి తూలి పడేది అతనే. అప్పుడు గెలిచింది షెల్లీ వింటర్స్. 1962లో ‘బర్డ్‌మాన్ ఆఫ్ ఆల్కట్రాజ్’. బర్ట్ లాంకాస్టర్ తల్లిగా రాయిలాంటి పాత్ర, కొడుకు మీద ప్రేమే ఉక్కుపిడికిలైన మనిషి, ఒక్క నవ్వు లేదు. గెలిచింది ప్యాటీ డ్యూక్. మొత్తం ఆరు నామినేషన్లు, బహుమతి ఒక్కటీ లేదు. ఆస్కార్ రాత్రుల్లో ‘నేను మళ్లీ ఓడిపోతుంటే చూద్దురుగాని రండి’ అంటూ స్నేహితులకు విందు ఇచ్చేదట. 1955లో ఆ ఉత్సవానికే న్యూయార్క్ వైపు వ్యాఖ్యాతగా నిలబెట్టారు. పెళ్లికి పిలిచి వడ్డన అప్పగించినట్టు!

నాటకరంగం కాస్త నయం. ‘న్యూ గర్ల్ ఇన్ టౌన్’ అనే సంగీత నాటకానికి 1958లో గ్వెన్ వెర్డన్‌తో సమానంగా టోనీ అవార్డు పంచుకుంది, అదీ ముఖ్యనటి విభాగంలో. కథ మొత్తం మోయగలదని దర్శకుడు జార్జ్ క్యూకర్‌కూ తెలుసు. ‘ద మోడల్ అండ్ ద మ్యారేజ్ బ్రోకర్’ (1951)లో పెళ్లిళ్ల పేరమ్మగా సినిమాను భుజాన వేసుకున్నది ఆమే. పేరు మాత్రం జీన్ క్రెయిన్, స్కాట్ బ్రేడీల తర్వాత. పాడీ చాయెఫ్‌స్కీ రాసిన ‘ద కేటర్డ్ అఫైర్’ 1955లో టీవీలో వచ్చినప్పుడు బ్రాంక్స్ తల్లి పాత్ర రిటర్‌దే. మరుసటి ఏడు సినిమాగా తీస్తే ఆ పాత్ర ఎవరికి వెళ్లింది? బెట్టీ డేవిస్‌కు. బర్డీ ఎవరి దుస్తులు సర్దిందో గుర్తుంది కదా.

రిటర్ పనిమనుషులు యజమానురాలికి ఎదురు చెబుతారు, ఆ మాట యజమానురాలు వింటుంది. ఆ రోజుల్లో తెల్లనటికి దక్కిన గౌరవం నల్లనటికి దక్కేది కాదు. ‘గాన్ విత్ ద విండ్’లో పనిమనిషి పాత్రకు 1940లో ఆస్కార్ గెలిచిన నల్లజాతి నటి హాటీ మెక్‌డేనియల్‌ను ఆ రాత్రి తోటి నటుల బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు, విడిగా బల్ల వేశారు. రిటర్‌ను ఎంత పొగిడినా ఈ సంగతి మరిచిపోకూడదు.

పని చేస్తూనే మాట్లాడే ఈ విద్య ఎందుకు అడుగంటింది? 1948లో పారమౌంట్ కేసులో స్టూడియోల చేతుల్లోంచి సినిమా హాళ్లను తప్పించిన అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, ఆపైన టీవీ, నటులకు జీతాలిచ్చి ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉంచుకునే స్టూడియో పద్ధతి పోవడం, ఇవన్నీ అందరూ చెప్పేవే. నా కోపం నకళ్ల మీద. ఇవాళ ఏ సిరీస్ తెరిచినా నోరున్న పనిమనిషి, వెటకారపు నర్సు, చురకలు వేసే పక్కింటావిడ కనిపిస్తారు. పంచ్ వెయ్యడం, ఆగడం, నవ్వు కోసం చూడడం. చేతిలో చీపురు ఉంటుంది, ఊడ్చిన పాపాన పోదు. రాసేవాళ్లు రిటర్ మాటలు చూశారు, చేతులు చూడలేదు. ఆ మనిషికి అద్దె కట్టాలనీ, కాళ్లు నొప్పులనీ మనకెక్కడా అనిపించదు.

అవార్డుల సంగతి మరీ అన్యాయం. సహాయనటులకు విడిగా ఆస్కార్ పెట్టింది 1936 సినిమాలతో, ఇలాంటి వాళ్ల కోసమే. ఇప్పుడు సినిమా పొడుగునా ఉండే పాత్రలను, గెలవడం తేలికని, ఆ విభాగంలోకి తోస్తున్నారు. ‘ద డానిష్ గర్ల్’ (2015)కు అలీసియా వికాండర్‌కు ఇచ్చింది సహాయనటి ఆస్కార్! ఆ అమ్మాయి బాగానే చేసింది, ఆమెతో నాకు పేచీ లేదు. కానీ పది నిమిషాల్లో ఒక బతుకంతా చూపించే నటి ఇక ఏ గుమ్మం దగ్గర నిలబడాలి?

థెల్మా రిటర్ 1969 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లో గుండెపోటుతో పోయింది. అకాడమీ గౌరవ ఆస్కార్ కూడా ఇవ్వలేదు. మన ఊళ్లలో ఫిల్మ్ సొసైటీలు నడుపుతున్న మిత్రులకు నాదొక విన్నపం. హిచ్‌కాక్ వారం, మన్రో వారం పెడుతూనే ఉన్నారు. ఒక్క ఏడు రిటర్ వారం పెట్టండి. ‘ద మిస్‌ఫిట్స్’ వేస్తే మన్రో కోసం వచ్చినవాళ్లు కూడా, చెయ్యి కట్టుకట్టి మెడకు వేలాడేసుకున్న ఇసబెల్‌గా రిటర్‌ను చూసి అడుగుతారు, ఈవిడెవరని. అంత ఓపిక లేనివాళ్లు ఇంట్లోనే ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’ చూడండి. నిడివి 80 నిమిషాలే.