బిట్టుగా మిగిలిన ప్రసంగం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలకు అటూ ఇటూ కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు. ఉట్నూరు, భద్రాచలం, మన్ననూరు, దేవరకొండ వైపు నుంచి వచ్చిన మన పిల్లలు ఆ సందుల్లో గదులు పంచుకుని గ్రూప్స్‌కు చదువుతున్నారు. వాళ్ల మెటీరియల్‌లో జైపాల్ సింగ్ ముండా కనిపిస్తారు: 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ కెప్టెన్, ఆదివాసీ మహాసభ నాయకుడు, రాజ్యాంగ సభ సభ్యుడు. మూడు బిట్లు. సభలో ఆయన ఏమన్నారు, ఎట్లా వాదించారు అన్నది మాత్రం బిట్లలో ఇమడదు. మా పేచీ అక్కడే.

1946 డిసెంబర్ 13న నెహ్రూ లక్ష్యాల తీర్మానాన్ని సభ ముందు పెట్టారు. 19న జైపాల్ సింగ్ మాట్లాడారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి తనను తాను జంగ్లీగా చెప్పుకుని, చట్టపు మెలికలు తనకు అర్థమవుతాయని ఎవరూ ఆశించరని అన్నారు. దీన్ని వినయం అని చెప్పి దాటేస్తే పాఠం పోయినట్టే. తిట్టే వాళ్ల చేతిలోని మాటను లాక్కుని, అదే మాటతో వాళ్ల ముందు నిలబడటం అది.

తర్వాత వాదన వరస చూడాలి. ముందు తన జనం మీద సాగిన దోపిడీ, భూములు పోవడం, తిరుగుబాట్లు. ఆ తర్వాతే, అయినా నెహ్రూ మాటను నమ్ముతున్నానన్నారు. చరిత్ర అంతా చెప్పాక వచ్చిన నమ్మకం పొగడ్త కాదు, మాట ఇచ్చినవారి చేత రాయించుకున్న ప్రామిసరీ నోటు. వరస తిరగేసి చదివించండి, బలం ఎక్కడ తగ్గిందో పిల్లలే చెబుతారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలన్నప్పుడు ఆయన గురువు స్థానాన్నీ శిష్యుడి స్థానాన్నీ తారుమారు చేశారు.

మనవాడని ప్రసంగాన్ని మొక్కి పక్కన పెట్టకూడదు. తన జనాన్ని సింధు నాగరికతతో కలిపి, మిగతావాళ్లు బయటినుంచి వచ్చినవాళ్లని అన్నారు. ఆ సభలో అది పదునైన వాదన. కానీ రుజువు ఎంత, ఊపు ఎంత అని అడగాలి. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఈరోజు ఒకే గదిలో కోయ పిల్లాడు, లంబాడా పిల్లాడు పక్కపక్కన పడుకుంటున్నారు. 'ముందు వచ్చింది ఎవరు' అన్న వాదన ఒకప్పుడు పైవాళ్లను నిలదీసింది. అదే వాదన ఇప్పుడు ఆ ఇద్దరి మధ్య గోడ కట్టగలదు. దాన్ని ఎవరు, ఎవరి మీద, ఎందుకు వాడుతున్నారో పసిగట్టడం నేర్పకపోతే, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి కరపత్రం వాళ్లను చెరో వైపు లాగుతుంది.

ఒక్క మాట చదవడం వల్ల ఏమొస్తుందని అడిగేవారికి సమత తీర్పు చూపిస్తాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'వ్యక్తి' అయినా గిరిజనేతరులకు భూమి బదిలీ చేస్తే చెల్లదని 1/70 చట్టం చెబుతుంది. ఆ 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా ఉంటుందా? విశాఖ మన్యంలో అనంతగిరి మండలం గనుల లీజుల కేసు ఈ ప్రశ్న మీదే నడిచింది. ఉంటుందని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు కంపెనీల లీజులు చెల్లకుండా పోయాయి. ఒక మాటకు అర్థం తేలితే కొండలు మిగిలాయి.

ఈ కన్నుతోనే లక్ష్యాల తీర్మానాన్ని చదివించాలి. గిరిజన ప్రాంతాలకు 'తగినన్ని' రక్షణలు ఇస్తామంది. ఎన్ని ఉంటే తగినన్ని? తేల్చేది ఎవరు? మాట ఇచ్చినవాళ్లా, తీసుకున్నవాళ్లా?

ఉపాధ్యాయులను మేము కోరేది పెద్దదేం కాదు. రాజ్యాంగ సభ చర్చలు అచ్చులో ఉన్నాయి. వారానికి ఒక గంట, ఒక పేజీ, నాలుగు ప్రశ్నలు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఏం కోరుతున్నారు? రుజువు ఏది, ఉద్వేగం ఏది? ఎవరి ఊసు లేదు? ఈ చివరి ప్రశ్న జైపాల్ సింగ్ కూడా వేశారు, సలహా సంఘంలో ఆదివాసీ మహిళ ఒక్కరూ లేరని.

గ్రూప్-1 మెయిన్స్ వ్యాసానికి ఇది పనికొస్తుంది. ఉద్యోగం రాక ఊరికి తిరిగి వెళ్లిన పిల్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. రేపు గ్రామసభలో అధికారి తీర్మానం కాగితం చదివి సంతకాలు అడిగినప్పుడు, 'ఈ మాటకు అర్థం ఏంటి సార్?' అని లేచి అడగాల్సింది ఆమే.